తిరుమలమ్మ ఎడం చెయ్యి

వరదయ్య సారు బెత్తానికి ఒక పద్ధతి ఉండాది. తప్పు చేసినోళ్ళకి రెండు చేతులకీ మూడు మూడు. కుడిచేతికి మూడు పడినాక ఎడంచెయ్యి చాపాల. అరచెయ్యి బాగా విప్పి, వేళ్ళు వెనక్కి వంచి, పలక మాదిరి పెట్టాల. వణికినా, వెనక్కి లాక్కున్నా ఇంకో రెండు. కాణిపాకం దాటినాక రెండు మైళ్ళలో ఉండే ఆ పల్లె బడిలో పాతికేండ్లుగా ఇదే చట్టం. ఊర్లో సగం మంది మొగోళ్ళు ఆ బెత్తం తినే పెద్దోళ్ళైనారు. మళ్ళా వాళ్ళే తమ బిడ్డల్ని చెయ్యి పట్టుకోని తెచ్చి, "కండ్లు రెండూ వదిలిపెట్టి తోలు ఒలిచినా మేం అడగం సారూ" అని అప్పజెప్పి పోయేవాళ్ళు. ఏం మనుషులో, ఏం నమ్మకమో.

ఎనభై ఒకటో సంవత్సరం ఆగస్టులో గోదాదేవి ఆ బడి గడప మొదటిసారి తొక్కిన పొద్దు, తొమ్మిదేండ్ల తిరుమలమ్మ ఆ బెత్తం ముందర నిలబడి ఉండాది. కుడిచేతికి మూడూ పడినాయి. ఇంక ఎడంచెయ్యి. అది చూస్తే రొమ్ముకి ఆనుకోని, మణికట్టు కాడ లోపలికి వంగి, బొటనవేల్ని మింగేసిన మాదిరి పిడికిలి బిగుసుకోని ఉండాది.

"చాపు" అన్నాడు సారు.

పాప చాపలే.

"చాపతావా లేదా?"

పాప ఎడం భుజం ఎగిరింది. మోచెయ్యి ఒక జానెడు ముందుకొచ్చింది. మొహమంతా చెమట పట్టింది. పిడికిలి మాత్రం ఇంకా బిగుసుకునింది. సారుకి అది పొగరుగా కనిపించింది. బిగించిన పిడికిలి మీదనే, వేళ్ళ కణుపుల మీద, చాచి ఒకటేసినాడు. ఇంకొకటి. మూడోదానికి కణుపు చిట్లి రక్తం కారింది. గదిలో నలభై మంది పిల్లోళ్ళు నేల చూస్తా కూర్చున్నారు, తలెత్తితే తమ వంతు వస్తాదని.

నాలుగో దెబ్బ గాల్లో ఉండగానే గోదాదేవి పోయి బెత్తాన్ని పట్టుకునింది. అరచెయ్యి మంటెత్తింది. వదల్లే.

"ఆ చెయ్యి ఆ పాప మాటే వినదు సార్. మీ మాట ఎట్ల వింటాది?"

ఆ బడిలో ఆయన బెత్తాన్ని పట్టుకున్న మనిషి అంతవరకూ పుట్టలే. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు సారు.

ఆమె ఆర్డరు కాగితం తీసి చేతిలో పెట్టింది. తిరుపతి మనిషి. నాయన సౌందరరాజన్ గుడిలో పాశురాలు చదివే కైంకర్యం చేస్తాడు. ఈమె మాత్రం వేలూరికి పోయి చేతుల పని చదువుకోని వచ్చింది. జబ్బు చేసిన చేతికి గుండీ పెట్టుకునేది, ముద్ద ఎత్తుకునేది, బలపం పట్టుకునేది మళ్ళా నేర్పించే పని. అవిటి పిల్లోళ్ళని మామూలు బళ్ళలోనే చదివించాలని సర్కారు కొత్తగా ఒక పథకం పెట్టి, ఆమెకి ఇరవై రెండు బళ్ళు అప్పజెప్పి, ఒక బస్సు పాసు ఇచ్చింది. జీపు అడిగితే నవ్వినారంట.

"ఆక్యుపేషనల్ థెరపిస్టు" అని సారు కూడబలుక్కోని చదివినాడు. "ఆక్యుపేషనంటే ఉద్యోగం గదా. మూడో తరగతి పిల్లలకి ఉద్యోగాలిప్పిస్తావా?"

"ఈ పాపకి మెదడు జ్వరం వచ్చిందా సార్ ఎప్పుడన్నా?"

వచ్చింది, నాలుగో ఏట. ఊరందరికీ తెలుసు, సారుకీ తెలుసు. జ్వరానికీ చేతికీ ఏం సంబంధమో మాత్రం ఆయనకి తెలీదు. గోదాదేవి పాప పక్కన మోకాళ్ళ మీద కూర్చోని, మణికట్టుని ఇంకాస్త లోపలికి వంచి, బొటనవేలి మొదలు పట్టుకోని మెల్లగా కదిలించింది. పిడికిలి దానంతటది వదులైంది. అరచేతిలో గోళ్ళు దిగిన గుంటలు నాలుగు, చెమటకి పాసిపోయిన వాసన. చూసినోళ్ళంతా ఆమె ఏదో మంత్రం వేసిందనుకున్నారు. చెయ్యి వదిలిపెట్టినాక పిడికిలి మళ్ళా మూసుకునింది.

సారు గట్టి మనిషి, ఓడిపోయేది ఇష్టంలేని మనిషి. "సరేమ్మా" అన్నాడు. "మార్చిలో ఇనస్పెక్షన్ వస్తాది. ఆ లోపల ఈ చెయ్యి తెరిచి నా ముందర చాపితే రిజిస్టర్లో పేరు ఉంటాది. చాపకుంటే కొట్టేస్తాను. నా బడిలో ఒకరికొక చట్టం, ఇంకొకరికొక చట్టం లేదు."

పేరు కొట్టేస్తే పాప గతి ఏమో ఆ పొద్దు మధ్యాన్నమే గోదాదేవికి తెలిసొచ్చింది. తల్లి గురవమ్మ కూలి చేలోంచి పరిగెత్తుకోని వచ్చి ఆమె ముందర నిలబడింది. "రెండు చేతులుండేదైతే కూలికి పంపిస్తాను తల్లీ. ఒంటి చెయ్యిది. నాలుగు అక్షరాలొస్తేనే దీనికి బతుకు. దీని నాయన బడి మాన్పించేద్దామంటాడు. పేరు కొట్టేసినారంటే ఇంక నా మాట చెల్లదు."

గోదాదేవి మాట ఇచ్చేసింది. మార్చి లోపల తెరిపిస్తానని. అట్ల మాటివ్వకూడదని చదువులో చెప్పినారు. కోపమొచ్చిన మనిషికి చదువు గుర్తుండదు.

పదిహేను దినాలకొకసారి వచ్చేది. వరండా చివర చాప పరిచి, గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టించి, పిడికిలి విప్పి, వేళ్ళు సాగదీసి, ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టేది. ఇంట్లో నాయన కట్టి విడిచిన పాత పంచె ఒకటి చింపి తెచ్చుకునింది, నీళ్ళకి అరిగి అరిగి దూది మాదిరి మెత్తగా ఉండే గుడ్డ. దాంతో పాప కుడిచేతిని నడుముకి వదులుగా కట్టేది. మంచి చెయ్యి ఖాళీగా ఉంటే జబ్బు చెయ్యి సోమరిపోతైపోతాది. అది కట్టుబడితే, ఆకలేసిన చెయ్యి తానే కదులుతాది. ముందర చెనక్కాయలు పోసి, "ఎడంచేత్తో తీసుకున్నవన్నీ నీవే" అనేది. అరగంట. అరగంట పైన ఒక్క నిమిషం కూడా లేదు. కట్టు విప్పినాక పాప మణికట్టుని తన రెండు చేతుల్లో పెట్టుకోని రుద్దేది.

కార్తీకం వచ్చేసరికి పాప చెనక్కాయ పట్టుకునింది. డిసెంబర్లో నీళ్ళ గ్లాసు పట్టుకునింది. నీళ్ళు సగం ఒంటి మీదనే పోయినాయి, అయినా పాప నవ్విన నవ్వు చూసి గోదాదేవికి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పట్టుకునేదొకటే వచ్చింది, వదిలేది ఇంకా రాలే. పట్టుకున్న గ్లాసుని వదలాలంటే, పాప కుడిచేత్తో ఎడంచేతి వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసుకోవాల. అది మామూలే. పట్టు ముందర, విడుపు తర్వాత. వేలూరులో నేర్పించిన పెద్దావిడ ఈ ముక్క వందసార్లు చెప్పింది. గోదాదేవికి బాగా తెలుసు.

ఆ సాయంత్రం బస్సు కాడికి పాప నాయన ఎల్లప్ప వచ్చినాడు. చేతిలో చెరుకాకుల్లో చుట్టిన బెల్లం అచ్చు. అంతవరకూ ఆమె మొహం కూడా చూడని మనిషి. చెరుకు గానుగ ఆడించుకునే మనిషి. ఊర్లో అందరూ ఆయిలింజన్లు పెట్టుకున్నా, ఇతను రెండెద్దులతోనే తిప్పుకుంటా ఉండాడు.

"అమ్మా, పాప గ్లాసు పట్టుకునింది. నా కండ్లతో సూసినాను" అన్నాడు. "ఐదేండ్లు ఆ సెయ్యి సచ్చిపోయిందనుకున్నాను. ఇంటికాడ మేమేం సెయ్యాల, సెప్పు. నువ్వేం సెప్తే అది సేస్తాను."

కండక్టరు విజిల్ వేసినాడు. గోదాదేవి ఒక కాలు నేల మీద, ఒక కాలు మెట్టు మీద. అది పోతే మళ్ళా బస్సు రెండు గంటలకి. పొద్దున్నుంచి మూడు బళ్ళు తిరిగిన ఒళ్ళు.

"మంచి చెయ్యి కట్టేసి, ఎడంచేత్తో పని చేయించప్పా. ఎంత చేయిస్తే అంత మంచిది" అనింది. మెట్టెక్కేసింది. బస్సు పోయింది.

అరగంటని చెప్పలే. మెత్తటి గుడ్డని చెప్పలే. పనంటే చెనక్కాయలని చెప్పలే. విడుపు ఇంకా రాలేదని చెప్పలే. ఇరవై రెండు బళ్ళు తిరిగే మనిషి, ఇరవై రెండు మాటల్లో ఐపోయే సంగతి చెప్పలేకపోయింది.

ఆపైన ఆమెని పలమనేరు పంపించినారు. పోలియో వచ్చిన పిల్లోళ్ళకి కాలికి ఇనప పట్టీలు తొడిగే క్యాంపు. పది దినాలన్నారు, ఆరు వారాలైంది. ఫిబ్రవరిలో మళ్ళా పల్లెకొచ్చి వరండాలో చాప పరిస్తే, పాప లేదు.

"నెల దాటింది బడికి రాక" అన్నాడు వరదయ్య సారు. "గానుగ కాడికి పోయి చూడమ్మా. నీ వైద్యం ఆడ జరగతా ఉండాది."

చెరుకు తోటల గట్టెమ్మట నడిచి పోతాంటే దూరంనుంచే గానుగ మూలుగు వినపడింది. బెల్లం ఉడికే వాసన, పొగ. నడి మధ్యలో ఇనప గానుగ. దాని నెత్తిన పొడుగాటి దూలం. దూలం చివర రెండెద్దులు చుట్టూ తిరుగుతా ఉండాయి. ఎల్లప్ప చెర్నాకోలతో వాటి వీపు మీద ఒకటి, పిర్ర మీద ఒకటి వేస్తా వెనకే తిరుగుతా ఉండాడు. ఎద్దుల పిర్రలు తట్లు తేలి ఈగలు ముసురుకోని ఉండాయి. గానుగ కాళ్ళ కాడ, గుంటలో, దూలం తల మీదుగా పోయేటప్పుడల్లా వంగుతా కూర్చోని ఉండాది తిరుమలమ్మ. కుడిచెయ్యి వెనక్కి తిప్పి జనపతాడుతో నడుముకి బిగదీసి కట్టి ఉండాడు. మణికట్టు కింద చెయ్యి నల్లగా ఉబ్బిపోయి ఉండాది. ఎడంచేత్తో చెరుకు గడ పట్టుకోని, రోలర్ల మధ్యలోకి తోస్తా ఉండాది. గడ ముప్పాతిక పోయేసరికి ఎల్లప్ప వంగి, పాప వేళ్ళు ఊడదీసి, ఇంకో గడ పెడతా ఉండాడు. మెల్లగా తోస్తే చెర్నాకోల కర్రతో భుజం మీద ఒకటి. పాప భుజాలు రెండూ కమిలిపోయి ఉండాయి.

ఎల్లప్పే ముందుగా గోదాదేవిని చూసినాడు. మొహమంతా వెలిగిపోయింది ఆ మనిషికి.

"సూడమ్మా" అని కేకేసినాడు. "నువ్వు సెప్పినట్టే. తెల్లారినప్పట్నుంచి పొద్దు గూకేదంకా. పాపా, అమ్మొచ్చింది సూడు."

పాప తల తిప్పి చూసింది. గోదాదేవిని చూసి నవ్వింది. గడ పోతానే ఉండాది. పట్టుకున్న వేళ్ళు వదల్లే.

పాప పెట్టిన ఆ అరుపు తోటల అవతల కూలోళ్ళకి కూడా వినపడింది. గోదాదేవి పరిగెత్తి ఎద్దులకడ్డం పడి, లోపలెద్దు ముకుతాడు పట్టుకోని బలమంతా పెట్టి గుంజింది. ఎద్దు తల విసిరింది, కొమ్ము ఆమె పక్కటెముకల్లో తగిలింది, ఆమె మోకాళ్ళ మీద పడింది, తాడు వదల్లే. ఎద్దులు ఆగినాయి. రోలర్ల కింద తొట్టిలో చెరుకు పాలు ఎర్రగా పారతా ఉండాయి.

ఎల్లప్ప పాప నడుం పట్టుకోని వెనక్కి లాగబోయినాడు.

"లాగొద్దు" అని అరిచింది గోదాదేవి. "లాగితే మొత్తం ఊడొస్తాది. దూలాన్ని వెనక్కి తిప్పాల. ఎద్దుల్ని విప్పు."

ఎద్దులు వెనక్కి నడవవు. ఎల్లప్ప కొడవలితో ఎద్దుల మెడ పట్టెడలు తెగ్గోసినాడు. ఎద్దులు బెదిరి తోటలో పడినాయి. దూలానికి ఆమె ఒక పక్క, అతనొక పక్క భుజాలానించి వెనక్కి తోసినారు. ఆమె పక్కటెముక విరిగి ఉండాదని తర్వాత తెలిసింది. అప్పుడు తెలీలే. ఇనుము కిర్రుమనింది. ఒక్కొక్క అంగుళమే చెయ్యి బయటికొచ్చింది. పాపకి స్పృహ లేదు. చూస్తే అది చెయ్యి మాదిరే లేదు. గోదాదేవి సంచిలోంచి పంచె గుడ్డ తీసి మోచేతి పైన బిగించి కట్టింది. అంత గట్టిగా ఆ గుడ్డని ఎప్పుడూ కట్టలే.

బెల్లం లోడు పోయే లారీలో చిత్తూరికి తీసుకపోయినారు. ఆస్పత్రిలో చిటికెన వేలు, ఉంగరపు వేలు తీసేసినారు. మిగిలిన వాటిల్లో లోపలి నరాలు నలిగిపోయినాయి, కుట్టేదానికి లేదన్నారు. కుడి మణికట్టు కాడ తాడు దిగిన పుండు చీము పట్టి ఉండాది, దానికి ఇంకొక కట్టు.

గురవమ్మ కూలి చీరతోనే, కొంగుకి చెరుకాకులు అంటుకోనుండగానే వచ్చింది. పాపని చూసింది. వరండాలోకొచ్చి మొగుణ్ణి కాలి చెప్పు తీసుకోని కొట్టింది. మొహాన, నెత్తిన, మెడ మీద, చెప్పు తెగేదాకా కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలే. తర్వాత తిరిగి గోదాదేవి చెంప మీద చాచి ఒకటేసింది.

"కట్టెయ్యమని చెప్పింది నువ్వే గదా."

గోదాదేవి అవునని తల ఊపింది. వరదయ్య సారు బెత్తాన్ని పట్టుకున్న చెయ్యి ఈ దెబ్బకి పైకి లేవలే. ఇంకొకటి వేస్తే బాగుండునని అక్కడే నిలబడింది.

గోడ కాడ కూలబడిన ఎల్లప్ప నెత్తుటి మూతితో ఆమెని చూసినాడు. "నేనేం తప్పు సేసినానమ్మా?" అన్నాడు. "ఎక్కువ సేయించినానా, తక్కువ సేయించినానా?"

అతను నిజంగానే అడగతా ఉండాడు. తక్కువ చేయించినందుకే ఇట్లైందేమోనని కూడా అతనికి అనుమానం.

తిరుపతిలో ఇంట్లో రాజీనామా కాగితం రాసి పెట్టుకునింది. ఎముక అతుక్కునేదంకా మంచం మీద పడుకోని, దినం దానిని తీసి చదువుకునేది. నాయన ఒకటే మాట అన్నాడు. "ఆ కాగితం ఆ పాపకి ఏం పనికొస్తాదే?" మంచి మాటే. ఆ మాటకి ఆమెకి తండ్రి మీద ఒళ్ళు మండింది కూడా.

మార్చి నాలుగో వారం పల్లెకి పోయింది. బడి లోపల అదే గది, అదే బెత్తం. సారు ముందర ఒక పిల్లోడు చేతులు చాపి ఉండాడు. గోదాదేవి గడప కాడ ఆగింది. ఇంతకు ముందు మాదిరి పోయి పట్టుకునేదానికి ఆమెకి మొహం చెల్లలే.

అప్పుడే తిరుమలమ్మ వచ్చింది. కట్లు విప్పేసినారు. నాయన బయటే నిలబడిపోయినాడు. పాప ఎవర్నీ చూడకుండా నేరుగా సారు ముందరికి పోయి, ఆ పిల్లోడి పక్కన నిలబడి, ఎడంచెయ్యి చాపింది.

చెయ్యి తెరిచి ఉండాది. మూసే నరాలు తెగిపోయిన చెయ్యి, ఇంకెప్పటికీ మూసుకోదు. రెండు వేళ్ళు లేవు. మిగిలిన రెండూ, బొటనవేలూ చాచుకోని, అరచెయ్యి వెల్లకిలా పలక మాదిరి నిలిచింది. ఒక్క రవ్వ కూడా వణకలే.

"తెరుచుకునింది సార్" అనింది పాప. "పేరు కొట్టెయ్యద్దు."

వరదయ్య సారు ఆ చేతిని చూసినాడు. బెత్తం చంకలో పెట్టుకోని, "పోయి కూచో" అన్నాడు. పక్క పిల్లోడు చేతులు చాపుకోని అట్లనే ఉండాడు. వాణ్ణి కూడా పొమ్మన్నాడు. రిజిస్టరు తీసి పేర్లు పిలిచినాడు. తిరుమలమ్మ పేరు కూడా పిలిచినాడు. పాప "వచ్చినాను సార్" అనింది. మర్నాడు ఆయన బెత్తం మళ్ళా పట్టుకుంటాడని గదిలో అందరికీ తెలుసు. పట్టుకున్నాడు కూడా.

మధ్యాన్నం వరండాలో చాప పరిచి కూర్చుంటే, పాప తనంతట తానే వచ్చి, పుండు మాని మచ్చ పడిన కుడి మణికట్టుని ముందుకు పెట్టింది, కట్టమని. గోదాదేవి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకోని రుద్దతా కూర్చునింది. కుడిచేత్తో బలపం పట్టించి పేరు రాయించింది. ఆ పొద్దంతా అంతే చేసింది.

సాయంత్రం బస్సు కాడికి ఎల్లప్ప వచ్చినాడు. ఈసారి చేతిలో బెల్లం లేదు. గడ్డం పెరిగి, చెప్పుదెబ్బల మచ్చ ఒకటి కనుబొమ్మ మీద నిలిచిపోయి ఉండాది. గోదాదేవి ఒక కాలు మెట్టు మీద పెట్టింది. కండక్టరు విజిల్ వేసినాడు.

"అమ్మా" అన్నాడు ఎల్లప్ప. "ఆ సేతికి ఇప్పుడేం సెయ్యాల, సెప్పు. నువ్వేం సెప్తే అది సేస్తాను."

అతని మొహంలో ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. ఆ పొద్దు ఉండిన నమ్మకమే ఉండాది, ఒక్క గింజ తగ్గకుండా. అది చూసి గోదాదేవికి భయమేసింది. ఎద్దు కొమ్ముకి కూడా అంత భయపడలే.

మెట్టు మీంచి కాలు తీసేసింది. బస్సు దుమ్ము లేపుకుంటా పోయింది. మళ్ళా బస్సు రెండు గంటలకి. ఆమె రోడ్డు పక్కన నేల మీదనే కూర్చోని, అతన్ని కూడా కూర్చోమనింది.

"ముందు నీ చెయ్యి ఇట్లియ్యి ఎల్లప్పా" అనింది. "నేను చేసి చూపిస్తాను. తర్వాత నువ్వు నాకు చేసి చూపించు."